అడ్వాన్సు కట్టిన బండి ఎందుకు రాదు? ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది?

నూజివీడు చుట్టుపక్కల సరకు బండి కొనడానికి ఒక రుతువుంది. డిసెంబరు, జనవరిల్లో మామిడి పూత చూడగానే రైతులూ, తోటలు గుత్తకు తీసుకునే వ్యాపారులూ లెక్కలు మొదలుపెడతారు. ఈ ఏడు కాపు నిలబడుతుందనిపిస్తే పికప్‌కో ట్రక్కు ఆటోకో అడ్వాన్సు కట్టేస్తారు. మార్చి ఆఖరుకల్లా కోతలు మొదలు. అక్కడ్నుంచి జూన్ దాకా ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట తోటల నుంచి బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయలు నున్న మార్కెట్‌కు పోతూనే ఉంటాయి. ఏప్రిల్లో చేతికొచ్చిన బండికి ఊపిరాడని పని. అదే బండి జూలైలో వస్తే, వాయిదాలు మాత్రం వచ్చే నెల నుంచే మొదలు, మామిడి కాయ మళ్లీ ఏడాదికే. కాబట్టి ఇక్కడ రెండు నెలల ఆలస్యమంటే నిజానికి రెండు నెలలు కాదు.

ఇలాంటి చోట తరచూ వినపడే ప్రశ్నలు కొన్ని తీసుకుని ఓపిగ్గా చూద్దాం.

"జనవరిలో కడితే ఆరు వారాలన్నారండీ. ఉగాది కూడా వెళ్లిపోయింది. అబద్ధం చెప్పారంటారా?"

కొన్నిసార్లు చెప్తారు, కాదనను. కానీ ఎక్కువసార్లు జరిగేది వేరు. షోరూం వాళ్లు చెప్పిన తేదీ వాళ్ల చేతిలో ఉన్నది కాదు. మీరు అడ్వాన్సు కట్టగానే మీ పేరు మీద ఫ్యాక్టరీలో ఒక బండి మొదలవుతుందని మనం అనుకుంటాం. అలా కాదు. డీలరు నెలకోసారి కంపెనీకి ఇండెంటు పెడతాడు: ఫలానా మోడల్ ఇన్ని, అందులో ఫలానా రంగు ఇన్ని అని. కంపెనీ దేశంలోని డీలర్లందరి ఇండెంట్లూ కలిపి, తన దగ్గరున్న విడిభాగాలతో పోల్చి, ఆ నెల ఏవి ఎన్ని తయారు చేయాలో నిర్ణయిస్తుంది. తయారైనవాటిని డీలర్లకు పంచుతుంది. పది అడిగిన డీలరుకు ఆరే రావచ్చు. ఆ ఆరింటినీ ముందు కట్టినవాళ్లకు వరసగా ఇస్తే మీరు ఎనిమిదోవారైనందుకు వచ్చే నెలదాకా ఆగాలి. అంటే "ఆరు వారాలు" అనేది గత నెలల్లో వచ్చిన బండ్లను బట్టి వేసిన అంచనా. పూత చూసి తోట గుత్తకిచ్చినట్టే ఈ బేరమూ. చెట్టు మీద ఎంత నిలుస్తుందో ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నవాడికీ తెలియదు.

"డబ్బిస్తామంటుంటే తయారు చెయ్యడానికి వాళ్లకేం అడ్డం?"

అడ్డం ఏమిటన్నది కాలాన్ని బట్టి మారింది. 1970లలో అడ్డం ప్రభుత్వం. ఏడాదికి ఎన్ని స్కూటర్లు తయారు చేయాలో లైసెన్సులో రాసి ఉండేది. అంతకు మించి చేస్తే నేరం. బజాజ్ చేతక్ కోసం ఏళ్ల తరబడి, కొందరు పదేళ్ల దాకా ఎదురు చూశారు. విదేశీ మారకద్రవ్యం కట్టగలిగినవాళ్లకు వేరే వరస ఉండేది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో బంధువున్నవాడి ఇంటి ముందు స్కూటరు ముందు నిలబడేదన్నమాట. మారుతి 800 వచ్చినప్పుడు కూడా పదివేలు డిపాజిట్టు కట్టించుకుని లాటరీ తీశారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి తాళం చెవి ఇచ్చింది అలా లాటరీలో నెగ్గిన వ్యక్తికే.

ఆ లైసెన్సులు పోయాయి. ఇప్పుడు అడ్డం గోరంత ముక్క. ఒక కారులో వందల కొద్దీ చిప్‌లుంటాయి, ఖరీదైనవాటిలో వేయి దాటుతాయి. ఇంజిన్‌కు డీజిల్ ఎంత వెళ్లాలో చెప్పేది చిప్, ఎయిర్‌బ్యాగు తెరిచేది చిప్, మీటరు వెలిగించేది చిప్. 2020లో లాక్‌డౌన్ రాగానే బండ్లు ఎవరు కొంటారులే అని వాహన కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తగ్గించేసుకున్నాయి. అదే సమయంలో ఇళ్లలో కూర్చున్న జనం ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఎగబడి కొన్నారు. చిప్ ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. కొన్ని నెలలకే బండ్లకు గిరాకీ తిరిగొచ్చింది, చిప్‌లు మాత్రం రాలేదు. ఒక చిప్ మొదటి నుంచి తయారై బయటికి రావడానికి సుమారు మూడు నాలుగు నెలలు పడుతుంది, తొందర పెట్టినా లాభం లేదు. పైగా 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుపానుకు అక్కడి చిప్ ఫ్యాక్టరీలకు కరెంటు పోయింది. మార్చి 19న జపాన్‌లో రెనెసాస్ కంపెనీ నాకా ఫ్యాక్టరీలో నిప్పంటుకుంది. ఏడాది మధ్యలో మలేషియాలో కోవిడ్ ఆంక్షలు వచ్చాయి. ఇవన్నీ కలిసి, ఆ ఏడాది సెప్టెంబరులో మామూలు ఉత్పత్తిలో 40 శాతమే చేయగలమని మారుతి ముందే ప్రకటించాల్సి వచ్చింది. 2022లో టయోటా అయితే జపాన్‌లో రెండు స్మార్ట్ కీలకు బదులు ఒకటే ఇచ్చి, రెండోదానికి మామూలు తాళం చెవి పెట్టింది. అంత పెద్ద కంపెనీ తాళం చెవి బాకీ పడిందంటే పరిస్థితి ఊహించుకోండి.

ఇంత చిన్న భాగానికి బండంతా ఎందుకు ఆగాలి, తర్వాత బిగించుకోవచ్చుగా అనిపిస్తుంది. కొన్నిటికి అలా చేశారు కూడా. కానీ అన్నీ బిగించి పరీక్షించనిదే బండిని బయటికి పంపకూడదు. పైగా వాహన ఫ్యాక్టరీలు విడిభాగాలను గోదాముల్లో నెలల తరబడి నిలవ పెట్టవు. అవసరమైన రోజుకు, ఒక్కోసారి అవసరమైన గంటకు తెప్పించుకుంటాయి. డబ్బు మిగులుతుంది, చోటు కలిసొస్తుంది. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లు అది తెలివైన పద్ధతే. ఒక్కచోట తెగితే మాత్రం మర్నాటికే లైను ఆగుతుంది.

తెగడం అక్కడితో ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాలు, వాటితో చేసిన అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఎలక్ట్రిక్ బండి మోటారుకు ఆ అయస్కాంతాలే ప్రాణం. కొన్ని నెలలకే ఎలక్ట్రిక్ చేతక్ ఉత్పత్తి దెబ్బతింది. ఒకప్పుడు లైసెన్సు చాలక ఆగిన అదే పేరు, ఈసారి వేరే దేశపు లైసెన్సు రాక ఆగింది. ఎలక్ట్రిక్ ట్రక్కు ఆటో కొనే ఆలోచన ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

"మన పక్కనే మల్లవల్లిలో ఫ్యాక్టరీ వచ్చిందిగా, ఇకనైనా తొందరగా దొరకవూ?"

హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో అశోక్ లేలాండ్ ప్లాంటు 2025 మార్చి 19న మొదలైన మాట నిజం. 75 ఎకరాలు, పూర్తి స్థాయికి చేరితే ఏడాదికి 4,800 బస్సులు. కానీ అవి బస్సులు, మనకు కావలసిన పికప్‌లు కావు. ఒకవేళ పికప్‌లే చేసినా దగ్గరున్నందుకు మన వరస ముందుకు జరగదు. పెనుకొండలో కియా కార్లు తయారవుతున్నాయి, అయినా అనంతపురంలో కొనేవాడూ వరసలో నిలబడే కొన్నాడు. శ్రీసిటీలో ఇసుజు పికప్‌లదీ అదే దారి. ఫ్యాక్టరీ దగ్గరున్నా దానికి కావలసిన ముక్క ఎక్కడో దూరాన్నుంచి రావాలి. మల్లవల్లి ప్లాంటుకే 2018లో శంకుస్థాపన జరిగితే తెరుచుకోవడానికి ఏడేళ్లు పట్టింది. ఎదురుచూపు బండ్లకే పరిమితం కాదు.

"మరి ఊరి బయట యార్డుల్లో బండ్లు ఎండకు ఎండుతున్నాయి. మాకు లేవంటారేమిటి?"

ఇది చాలా న్యాయమైన ప్రశ్న. రెండూ ఒకే సమయంలో నిజం కావచ్చు. 2024 సెప్టెంబరులో దేశంలోని డీలర్ల దగ్గర సుమారు 79 వేల కోట్ల రూపాయల కార్లు అమ్ముడవక పడి ఉన్నాయని డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పింది. అప్పుడు కూడా కొన్ని రకాలకు వెయిటింగ్ ఉంది. యార్డులో ఉన్నది జనం అడగని రకం, అడగని రంగు. పెయింటు షాపులో ఒక రంగు ఎక్కించాక గొట్టాలన్నీ కడిగి ఇంకో రంగుకు మారాలి. ఖర్చూ, టైమూ వృథా కాబట్టి ఒక రంగు బండ్లను గుంపుగా చేస్తారు. జనం ఎక్కువగా అడిగే తెలుపు మళ్లీ మళ్లీ వస్తుంది. ఎవరో ఒకరిద్దరు అడిగే రంగు తన వంతు కోసం కాచుకోవాలి. కాయల బండికి రంగుతో పనేమిటి? సీజన్‌కు కావాలంటే "ఈ మోడల్లో ఇప్పుడు ఏ రంగు, ఏ రకం చేతిలో ఉన్నాయి?" అని అడిగి అదే తీసుకోవడం నా దృష్టిలో తెలివైన పని. ఏసీ, మ్యూజిక్ సిస్టం కోసం మే నెల పోగొట్టుకోకూడదు.

పెద్ద లారీ సంగతి వేరు. చాలామంది ఉత్త ఛాసిస్ కొని విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకుంటారు. అక్కడ రెండు వరసలు: ఒకటి ఛాసిస్‌కు, ఇంకోటి బాడీకి. ఛాసిస్ చేతికొచ్చాక షెడ్డు వెతుక్కోవడం కంటే ముందే మాట్లాడుకోవాలి.

"అయితే నా బండి నిజంగా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?"

తేదీ అడగడం మానేసి ఛాసిస్ నంబరు అడగండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే ఇదే. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు. మన దేశంలో తయారైన బండిదైతే ఎం అక్షరంతో మొదలవుతుంది. బండి తయారై డీలరు పేరున బిల్లయితేనే ఆ నంబరు డీలరుకు తెలుస్తుంది. "వచ్చేవారం వచ్చేస్తుందండీ" అన్న మాటకూ, కాగితం మీద ఛాసిస్ నంబరుకూ చాలా దూరం. నంబరు లేదంటే బండి ఇంకా ఇండెంటులో ఒక అంకె మాత్రమే. నంబరు ఉంది, మీకు కేటాయించారు అంటే బండి దారిలోనో యార్డులోనో ఉంది.

ఆ నంబరుతో ఇంకో పెద్ద పనుంది. ఫైనాన్స్ వాళ్లు అప్పు డబ్బు డీలరుకు విడుదల చేసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, బండి మీ ఇంటికి వచ్చిన రోజు నుంచి కాదు. నెలాఖరులో టార్గెట్ కోసం "సంతకం పెట్టేయండి, మిగతాది మేం చూసుకుంటాం" అనే సేల్స్ కుర్రాళ్లు ఉంటారు. అప్పు మంజూరు చేయించుకోండి, అది వేరు. డబ్బు విడుదల మాత్రం ఇన్వాయిస్ మీద ఛాసిస్ నంబరు చూశాకే జరగాలని ముందే చెప్పండి. లేకపోతే రాని బండికి వాయిదా కట్టుకుంటారు.

నంబరు తెలిశాక బండి ఏ నెలలో తయారైందో కూడా అడగండి. జనవరిలో కొన్న బండి కిందటి డిసెంబరులో తయారై ఉంటే ఆర్సీలో ఆ ఏడాదే పడుతుంది. రేపు అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగా లెక్క. అలాంటిది వద్దనక్కర్లేదు, అయితే ధర తగ్గించి ఇమ్మనాలి.

"కట్టిన రోజు ధరే ఇస్తారా?"

సాధారణంగా ఇవ్వరు. బుకింగ్ ఫారం కింద చిన్న అక్షరాల్లో "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని ఉంటుంది. 2021 అక్టోబరు 7న మహీంద్రా ఎక్స్‌యూవీ 700కు 57 నిమిషాల్లో 25 వేల బుకింగులు వచ్చాయి. మొదటి ధర ఆ 25 వేల మందికే, తర్వాతివాళ్లకు పెరిగింది. ఒక్కోసారి ఆలస్యం కలిసొస్తుంది కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, సాగు ట్రాక్టర్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ ముందు వారం బిల్లయినవాళ్లు పాత పన్ను కట్టారు, తర్వాతి వారం అయినవాళ్లు కొత్త పన్ను. పన్నుకు చూసేది ఇన్వాయిస్ తేదీనే గానీ అడ్వాన్సు తేదీని కాదు.

"విసిగిపోయి వద్దంటే అడ్వాన్సు తిరిగొస్తుందా?"

ఫారంలో ఏం రాశారో దాన్ని బట్టి. అందుకే కట్టేటప్పుడే మోడల్, రంగు, ఎన్నాళ్లలో ఇస్తారు, ఇవ్వకపోతే ఎంత వెనక్కిస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుం లేదు. ఇక్కడ సరకు బండ్లవాళ్లకు ఒక చిక్కుంది: 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసమే కొన్నవారికి మినహాయింపు ఉంది. సొంత బండి తానే తోలుకునే మనిషి నిలబడగలడు. నాలుగైదు బండ్లు తిప్పే కమిషన్ వ్యాపారికి కష్టం.

"జూన్ దాటాక వస్తే తీసుకోవాలా, వదిలేయాలా?"

మామిడి ఒక్కటే నమ్ముకుంటే వదిలేసి, ఆ సీజన్‌కు కిరాయి బండితో గట్టెక్కి, మళ్లీ పూత దాకా ఆగకుండా అక్టోబరులోనే ఇంకో బుకింగ్ పెట్టుకోవడం మేలు. అప్పుడు కుదరకపోయినా, దసరా, దీపావళి గిరాకీ అయ్యాక డిసెంబరులో డీలర్లు పాత ఏడాది స్టాకు వదిలించుకోవాలని చూస్తారు, బేరం కుదురుతుంది. బండికి వేరే పని ఉంటే లెక్క మారుతుంది. పెదవేగి ఫ్యాక్టరీకి పామాయిల్ గెలలు, ఆ తర్వాత మొక్కజొన్న, ధాన్యం బస్తాలు దొరికే ఊళ్లో జూలై బండి కూడా నెలకు తన వాయిదా తాను తెచ్చుకుంటుంది. మీ ఊళ్లో జూలై నుంచి డిసెంబరు దాకా కిరాయి ఎంత పలుకుతుందో ఇప్పుడు బండి ఉన్న ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఆ అంకెను వాయిదా పక్కన రాసుకుని చూడండి. వాయిదా కంటే కిరాయి తక్కువైతే వెయిటింగ్ లిస్టులో మీ నంబరు ఎవరికైనా వదిలేయొచ్చు.