బడి నుంచి ఇంటి చదువుకు: టీసీ అడిగే ముందు వేయాల్సిన లెక్కలు

ఎనిమిదో తొమ్మిదో చదువుతున్న పిల్లలు ‘ఇక బడికి వెళ్లను, ఇంట్లోనే చదువుకుంటాను’ అంటే పెద్దవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం ఒకటే: మరి పదో తరగతి సర్టిఫికెట్ ఎలా? దానికి దారి ఉంది, పెద్ద కష్టమూ కాదు. అసలు కష్టం ఇంట్లో పెద్దలు ఇవ్వాల్సిన సమయంలో ఉంది. అందుకే సందేహాలు ఒక్కొక్కటిగా తీర్చుకుంటూ ఆ లెక్క దాకా వెళ్దాం.

చట్టం ఒప్పుకుంటుందా?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అది వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులోని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే వాళ్లకు ఫలానా శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువును పేరు పెట్టి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. కాబట్టి 12, 13 ఏళ్ల పిల్లలైతే 14 నిండేదాకా బడిలో పేరు కొనసాగించడమే క్షేమం. ఆ వయసు దాటాక దారి సాఫీగా ఉంటుంది. ఎందుకో తర్వాతి జవాబులో తెలుస్తుంది.

సర్టిఫికెట్ ఎవరిస్తారు?

సార్వత్రిక పాఠశాల, అంటే ఓపెన్ స్కూల్. రోజూ తరగతికి వెళ్లకుండా ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాసే ఏర్పాటు ఇది. జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్ ఉంది, 1989లో మొదలైంది. మన రాష్ట్రాలకు ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నాయి. వీటిలో తెలుగు మాధ్యమంలోనూ పది రాయవచ్చు.

పదో తరగతికి చేరాలంటే ఎన్ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండాలి. ఏ తేదీకి నిండాలో ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో ఉంటుంది. రాయాల్సినవి 5 సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒకటి భాష. పాసుకు 33 శాతం చాలు. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి.

పరీక్ష తప్పితే ఏడాది పోతుందా?

పోదు. ఎన్ఐఓఎస్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి: ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఇంకోసారి. ఒకసారి చేరితే ఆ నమోదు 5 ఏళ్లు చెల్లుతుంది, ఆ లోపు 9 అవకాశాలుంటాయి. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలనే నియమం లేదు. ఒక విడతలో రెండు, మరో విడతలో మూడు రాసి పూర్తి చేసినా అదే సర్టిఫికెట్ వస్తుంది.

ఏ తరగతిలో మానడం మంచిది?

ఎనిమిది పూర్తయ్యాక, లేదా పది పూర్తయ్యాక. ఈ రెండు చోట్లా చిక్కు తక్కువ. తొమ్మిది మధ్యలో మానితే మాత్రం ఇబ్బంది రావచ్చు. సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షకు పిల్లల పేర్లను తొమ్మిదిలోనే నమోదు చేస్తుంది. ఇంటి చదువు నచ్చక, ఏడాది తర్వాత నేరుగా పదిలో చేరతామంటే ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. తిరిగి రావాలనిపిస్తే ఎలా వస్తారన్నది మానక ముందే ఆలోచించుకోవాలి.

రోజుకు ఎన్ని గంటలు చదవాలి?

ఎన్ఐఓఎస్ పదో తరగతి లెక్కల పాఠ్యప్రణాళికలో ఆ ఒక్క సబ్జెక్టుకు 240 గంటలు కేటాయించారు. మిగతా నాలుగూ అంతే అనుకుంటే మొత్తం 1,200 గంటలు. వేసవిలో చేరి వచ్చే ఏప్రిల్‌లో పరీక్ష రాయాలంటే చేతిలో దాదాపు 40 వారాలుంటాయి. అంటే వారానికి 30 గంటలు, ఆదివారం తీసేస్తే రోజుకు 5 గంటలు. అదే పనిని రెండేళ్లకు పరిస్తే రోజుకు రెండున్నర గంటలే పడుతుంది.

బడితో పోల్చి చూద్దాం. విద్యాహక్కు చట్టం 6, 7, 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు నాలుగున్నర గంటలు. ఈ లెక్కన ఇంటి దగ్గరా చదవాల్సింది తక్కువేమీ కాదు. తగ్గేది ప్రయాణం. రానూ పోనూ రోజుకు 2 గంటలు బస్సులో గడిపే పిల్లలకు 220 రోజుల్లో 440 గంటలు మిగులుతాయి. లెక్కల సబ్జెక్టును మొదటి నుంచి చివరిదాకా చదివి, మరో సబ్జెక్టులో ఎనభై శాతం పైగా ముగించే సమయం అది.

పెద్దవాళ్ల వంతు ఎంత?

చాలా ఇళ్లలో వేయని లెక్క ఇదే. ఆ 5 గంటల్లో పిల్లలు సొంతంగా మూడున్నర గంటలు చదువుకోగలరు అనుకుందాం. చెప్పడానికి, దిద్దడానికి, మాట్లాడటానికి మిగతా గంటన్నర ఎవరో ఒక పెద్ద మనిషి ఇవ్వాలి. వారానికి 9 గంటలు, 40 వారాలకు 360 గంటలు. 8 గంటల ఉద్యోగంలో చూస్తే అది 45 పనిదినాలు, దాదాపు రెండు నెలల పని. ఆ గంటలు ఎవరివో పేరు పెట్టి చెప్పగలిగితేనే ముందుకు వెళ్లాలి. ‘అమ్మ ఇంట్లోనే ఉంటుంది కదా’ అనేది జవాబు కాదు. ఆమె రోజులో ఇప్పటికే ఉన్న పనుల్లో ఏది ఎవరు అందుకుంటారో కూడా తేల్చుకోవాలి.

ఖర్చు తగ్గుతుందా?

ఒక ఉదాహరణ వేసుకుందాం, అంకెలు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. ప్రైవేటు బడి ఫీజు 70,000, బస్సూ పుస్తకాలూ 20,000, మొత్తం 90,000 రూపాయలు. ఇంటి దగ్గర లెక్కలకూ సైన్సుకూ ట్యూషన్ ఒక్కోదానికి నెలకు 3,000 చొప్పున పది నెలలకు 60,000. ఓపెన్ స్కూల్ ఫీజు, పుస్తకాలు, ఇంటర్నెట్, ఆటల శిక్షణ కలిపి 20,000. మిగిలేది 10,000. కానీ ఇందుకోసం ఇంట్లో ఒకరు నెలకు 15,000 వచ్చే ఉద్యోగం మానేస్తే ఏడాదికి 1,80,000 పోతుంది. సర్కారు బడిలో అయితే ఫీజు లేదు, పుస్తకాలూ మధ్యాహ్న భోజనమూ అక్కడే అందుతాయి. కాబట్టి డబ్బు మిగులుతుందని మాత్రం ఈ దారి ఎంచుకోవద్దు.

ఇంటర్, జేఈఈ, నీట్ సంగతి?

ఎన్ఐఓఎస్‌లో పన్నెండో తరగతికి చేరాలంటే 15 ఏళ్లు నిండాలి, పది పాసై ఉండాలి. కనీసం 5 సబ్జెక్టులతో పాసైన వాళ్లు జేఈఈకి అర్హులు. నీట్‌కు ఓపెన్ స్కూల్ చదువు పనికిరాదన్న పాత నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్ల వాళ్లు రాయవచ్చని 2024లో సుప్రీంకోర్టు ముందు కూడా స్పష్టమైంది. అయితే సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్‌కు అధ్యయన కేంద్రానికి తప్పక వెళ్లాలి. మన ఇంటర్ బోర్డుల్లో కాలేజీకి వెళ్లకుండా హాజరు మినహాయింపుతో రాసే వీలు ఆర్ట్స్ గ్రూపులకే ఉంది.

సర్టిఫికెట్ అక్కర్లేదనుకునే వాళ్లు ఒక సంగతి గమనించాలి. బడి మాని ఇంట్లో చదివిన ముంబయి అమ్మాయి ఒకరు ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచి 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు తెచ్చుకున్నారు. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందున ఇక్కడి ఐఐటీలో మాత్రం ఆమెకు దారి దొరకలేదు. అంత ప్రతిభ ఉన్నా తెరుచుకోని తలుపు అది. ఓపెన్ స్కూల్‌లో పేరు రాయించుకుంటే మన పిల్లలకు ఆ అడ్డు ఉండదు.

స్నేహితులు, ఆటలు?

బడి ఇచ్చే తోడు ఇంట్లో దానంతట అది రాదు, ఏర్పాటు చేయాలి. వారంలో కనీసం నాలుగు సాయంత్రాలు తోటి వయసు వాళ్లతో గడిచేలా చూడండి. మైదానం కావచ్చు, సంగీతం క్లాసు కావచ్చు, గ్రంథాలయం కావచ్చు. ఆడపిల్ల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో ఉంటుందని వంట, తమ్ముడి బాధ్యత, చుట్టాల సేవ ఆమె మీదకు జరిగితే అది ఇంటి చదువు కాదు, చదువు మానిపించడమే. ఆ 5 గంటల్లో ఆమెను ఎవరూ పిలవకూడదన్నది ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాల్సిన మొదటి షరతు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు పిల్లల్ని అడగండి, బడి ఎందుకు వద్దంటున్నారో. ఒక టీచరో, ఒక తోటి విద్యార్థో కారణమైతే బడి మార్చడం దీనికంటే తేలిక. చదువుకునే తీరే మారాలంటే వేసవి సెలవుల్లో ఆరు వారాలు రోజుకు 5 గంటల పట్టిక నడిపి చూడండి. పిల్లలు ఎన్ని రోజులు నిలబడ్డారో, పెద్దవాళ్లు తమ గంటన్నర ఎన్ని రోజులు ఇవ్వగలిగారో రాసుకోండి. ఆరు రోజుల వారంలో కనీసం ఐదు రోజులు ఇద్దరివీ సాగితే ఓపెన్ స్కూల్‌లో చేరండి. ప్రవేశం ఖాయమయ్యాకే బడికి వెళ్లి టీసీ అడగండి.