మైనస్ గుర్తు చెరపకండి!

ఇబ్రహీంపట్నంలో మన కళాశాల ప్రాజెక్టు లాబులో ఒక సాయంత్రం నా బుర్ర తిరిగిపోయింది. అంగుళం వ్యాసం, అంగుళం పొడవు, పది చుట్లు గల రాగితీగ ఇండక్టరును కంప్యూటరులో సిమ్యులేట్ చేశాను. 150 మెగాహెర్ట్జ్ వద్ద ఇండక్టెన్స్ మైనస్ 2 మైక్రోహెన్రీలని వచ్చింది! సాఫ్ట్‌వేరును తిట్టుకున్నాను. రిపోర్టు గడువు రేపే. గుర్తు చెరిపేసి రాసేద్దామా అని కూడా అనిపించింది.

చివరికి కాగితం, పెన్సిలు తీశాను. 1928లో వీలర్ ఇచ్చిన సూత్రం ప్రకారం సుమారు 1.7 మైక్రోహెన్రీలు రావాలి. 1 మెగాహెర్ట్జ్ వద్ద కంప్యూటరూ అదే చెప్పింది. అంటే నమూనా సరైనదే. మరి పైన ఏమైంది?

చుట్టుకూ చుట్టుకూ నడుమ కాస్త కెపాసిటెన్స్ దాగి ఉంటుంది. ఈ చుట్టలో అది ఒక పికోఫారడ్ పైచిలుకు. రెండూ కలిసి 110 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో అనునాదం చెందుతాయి. అది దాటితే ఇండక్టరు కెపాసిటరులా నడుస్తుంది. సిమ్యులేటరు మొత్తం ఇంపెడెన్స్ నుంచే లెక్క కడుతుంది గనుక మైనస్ చూపింది. అది నిజమే!

ఇండక్టెన్స్ మరీ తగ్గితే, చుట్టూ గీసిన లోహపు పెట్టె గోడలు దగ్గరైనాయేమో చూడండి. నష్టాల లెక్క తేడాగా ఉంటే మెష్ చూడండి. 100 మెగాహెర్ట్జ్ వద్ద రాగిలో కరెంటు చాలావరకు 6.6 మైక్రాన్ల పైపొరలోనే పారుతుంది. ముతక గళ్ళకు అది అందదు.

మిత్రులారా, కంప్యూటరు మనం అడిగినదానికే జవాబిస్తుంది. ఏమడిగామో తెలుసుకోవడం మన పని. ముందు చేతిలెక్క, ఆ తరువాతే మీట!