చెప్పకుండా సోదా, చెప్పకుండా వాటా

తామరైపాక్కం లాంటి ఊళ్లో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు కట్టాలంటే సుమారు 400 బస్తాల సిమెంటు పడుతుంది. కంపెనీలు లోపల్లోపల కూడబలుక్కుని బస్తాకు 20 రూపాయలు ఎక్కువేస్తే ఆ ఇంటివారికి 8,000 రూపాయలు చేతి చమురే. అదే ఇంట్లో ఎవరి డీమ్యాట్ ఖాతాలోనో వంద సిమెంటు షేర్లు ఉన్నాయనుకోండి. కంపెనీ రాత్రికి రాత్రి చేతులు మారితే ఆ షేర్లకు ఎంతొస్తుందో కూడా ఇంటిలెక్కే. వాణిజ్య చట్టంలో 'డాన్ రైడ్' (చెప్పాపెట్టకుండా మీదపడటం) అంటే ఈ రెండు వ్యవహారాలూ గుర్తుకొస్తాయి.

ముందు సోదా సంగతి. ధరలు కుమ్మక్కై పెంచారని అనుమానం వస్తే కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) తన దర్యాప్తు విభాగాన్ని కంపెనీల మీదికి పంపుతుంది. ముందే నోటీసిస్తే కాగితాలూ ఈమెయిళ్లూ మిగలవు, అందుకే చెప్పరు. మరి ఎవరైనా ఎప్పుడైనా తలుపు తోసుకుని రావచ్చా? కుదరదు. ఢిల్లీ చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు దగ్గర వారంటు తెచ్చుకోవాలి. ఇలాంటి మొదటి సోదా 2014లో జేసీబీ ఇండియాలో జరిగింది. 2020 డిసెంబరులో ఏసీసీ, అంబుజా వంటి సిమెంటు కంపెనీల వంతు వచ్చింది.

దొరికితే ఎంత కట్టాలి? కుమ్మక్కు సాగిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవరులో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ జరిమానా వేయవచ్చు. ఏడాదికి 60 లక్షల అమ్మకం, 3 లక్షల లాభం ఉన్న దుకాణమైతే లాభం లెక్కన 9 లక్షలు, అమ్మకం లెక్కన 6 లక్షలు. పెద్దది 9 లక్షలు కాబట్టి మూడేళ్లు సాగితే 27 లక్షల దాకా. 2012లో కమిషన్ 11 సిమెంటు కంపెనీలకు దాదాపు 6,300 కోట్లు జరిమానా వేసింది. అందులో చెన్నైలోని ఇండియా సిమెంట్స్ వంతు 187 కోట్లు. అప్పీళ్ల మీద ఆ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోట్లు వేయడం సులువు, వసూలు చేయడమే కష్టం!

ఇక వాటాల సంగతి. లండన్‌లో 1980 ఫిబ్రవరిలో ఒక ఉదయం వజ్రాల కంపెనీ డిబీర్స్ అరగంటలో కన్సాలిడేటెడ్ గోల్డ్‌ఫీల్డ్స్ షేర్లు భారీగా ఎగరేసుకుపోవడంతో ఈ ఎత్తుగడ ప్రసిద్ధికెక్కింది. మన తెలుగు నేలకూ ఇది కొత్త కాదు. నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర బి.వి.రాజు నిలబెట్టిన రాశి సిమెంట్ మీద 1998లో ఇండియా సిమెంట్స్ కన్నేసింది. మార్కెట్లో షేర్లు పోగేసి, షేరుకు 300 రూపాయల చొప్పున మరో 20 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ (వాటాదార్లందరికీ బహిరంగంగా ఇచ్చే కొనుగోలు ప్రతిపాదన) ప్రకటించింది. చివరికి రాజు తన 32 శాతం వాటాను షేరు 286 రూపాయలకు అమ్మి తప్పుకున్నారు.

కొన్న చేయికే 2024లో అమ్ముడుపోయే వంతు వచ్చింది. జూన్ 27న మరో సిమెంటు కంపెనీ అల్ట్రాటెక్ దాదాపు 1,885 కోట్లతో ఇండియా సిమెంట్స్‌లో 23 శాతానికి కాస్త తక్కువ వాటా కొంటున్నట్టు ప్రకటించింది. ధర షేరుకు సుమారు 267 రూపాయలు. 23 దగ్గరే ఎందుకు ఆగింది? సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం 25 శాతం తాకితే మరో 26 శాతానికి ఓపెన్ ఆఫర్ ఇచ్చి తీరాలి. అసలు కిటుకంతా ఆ రెండు శాతంలోనే ఉంది. అంత రహస్యంగా కొనవచ్చా అంటే, కుదరదు, 5 శాతం తాకితే రెండు పనిదినాల్లో బయటపెట్టాలి.

నెల తిరిగేసరికి, జులై 28న, ప్రమోటర్ల 32.72 శాతాన్ని 390 రూపాయల చొప్పున 3,954 కోట్లకు కొనేందుకు ఒప్పందం చేసుకుంది. 25 శాతం గీత దాటింది కాబట్టి మిగతావారికీ అదే 390 ఇవ్వక తప్పలేదు. జూన్‌లో వంద షేర్లు 267కు వదిలించుకున్నవారికి 26,700 దక్కితే, ఆగినవారికి 39,000. తేడా 12,300. ఇందులో మోసం లేదు. కానీ చిన్నవాడికి ఆ గీత ఒక్కటే రక్ష అన్నది మాత్రం నిజం.

మరి అన్ని షేర్లూ తీసుకుంటారా? కొనేది 26 శాతమే. ప్రజల దగ్గర ఉన్నది 44.51 శాతం. అందరూ ఇస్తే వందకు 58 షేర్లే తీసుకుంటారు, మిగతావి మీ ఖాతాకే తిరిగొస్తాయి. ఆ ఆఫర్ ముగిసేసరికి అల్ట్రాటెక్ వాటా 81.49 శాతానికి చేరింది. వాడపల్లి ఫ్యాక్టరీ మూడో యజమాని చేతికి వెళ్లింది.

కాబట్టి ఓపెన్ ఆఫర్ కాగితం ఇంటికో ఈమెయిలుకో వస్తే పక్కన పడేయకండి. అందులోని ధరనూ ఆనాటి మార్కెట్ ధరనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఆ వెంటనే చివరి తేదీ చూడండి. షేర్లు అప్పగించడానికి గడువు 10 పనిదినాలే.