ఇంటి కంప్యూటరు మొరాయించినపుడు

టమాటా తోటలు చూచుటకై పోయిన నెలలో పుంగనూరు చేరువనున్న యొక గ్రామమునకు బోయితిని. తోట చూచిన పిమ్మట ఆ రైతు నన్ను ఇంటికి గొనిపోయి, "అయ్యా, మా కంప్యూటరు చచ్చినది. పట్నమున జూపింపగా మదర్ బోర్డు పోయినది, క్రొత్తది కొనుమనిరి. అమ్మాయి చదువు, నా నాలుగేండ్ల పంట లెక్కలు అన్నియు నందే యున్నవి" అని చెప్పెను. మీట నొక్కి చూచితిని. లోపల ఫ్యాను తిరుగుచుండెను గాని తెర నల్లగనే యుండెను. కొంత విరామమిచ్చి దీర్ఘముగా బీప్‌మను ధ్వని మరల మరల వినవచ్చుచుండెను. ఈ గుర్తు పలుమారు ర్యామ్ పలక సరిగా అంటకపోవుటను దెలుపును. ప్లగ్గు తీసివేసి, మూత విప్పి, ఆ పలకను ఊడదీసి, దాని పసిడివన్నె అంచును పిల్లలు వాడు మెత్తని రబ్బరుతో తుడిచి, పొడి ఊదివేసి, రెండు ప్రక్కల పట్లును టక్కుమనునట్లు బిగించితిమి. తెర వెలిగెను. కాసు ఖర్చు లేదు.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. పైరుల తెగుళ్లు చూచుటయే నా పని. అయినను రెంటికిని పోలిక గలదు. ఆకు పసుపుబారినంతనే మందు చల్లువాడు డబ్బు పోగొట్టుకొనును. నీరు నిలిచినదా, వేరు కుళ్లినదా, ఎరువు చాలలేదా యని వరుసగా జూచువాడు పైరును దక్కించుకొనును. కంప్యూటరునందును ఒకమారు ఒక్క మార్పే చేసి ఫలితము జూడవలెను. తీగను, ర్యామును, డిస్కును ఒకేసారి మార్చినచో, బాగుపడినను దేనివలన బాగుపడెనో తెలియదు. అనుమానమున్న తీగను తీసి, పొరుగింట చక్కగా పనిచేయుచున్న తీగను తగిలించి చూచుట మేలైన పరీక్ష.

మన సీమకు ఈ యంత్రము క్రొత్త గాదు. 2002వ సంవత్సరమున హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీవారు రాష్ట్ర ప్రభుత్వముతో గూడి కుప్పమున 'ఐ-కమ్యూనిటీ' యను కార్యక్రమము నారంభించి, సమాచార కేంద్రములు నెలకొల్పిరి. 2022 జూనులో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. ఇంటి యంత్రము మాత్రము చెడినచో మొదట మనమే చూచుకొనవలెను.

మన పల్లెలలో మొదట అనుమానింపదగినది కరెంటు. యంత్రమున ఏ చలనమును లేనిచో, అదే ప్లగ్గున సెల్‌ఫోను ఛార్జరు పెట్టి చూడుడు. పిదప పెట్టె వెనుకనున్న చిన్న మీట ఎవరైన ఆర్పిరేమో చూడుడు. చీపురు తగిలి అది ఆరిపోయిన యిండ్లు నేను రెండు చూచితిని. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును లోపలి పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టులకు దించి పంచును. దానిని మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను అందలి కెపాసిటర్లలో ప్రాణాంతకమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును. బోరు మోటారు వేసినపుడెల్ల దీపము మసకబారి కంప్యూటరు ఆగి మరల మొదలగుచున్నచో, దోషము చాలవరకు లైనుది. అట్టి యింట యూపీఎస్ పెట్టుటయు, ఎర్తు తీగ పరీక్షింపించుటయు అవసరము. ఉరుములు వినబడినచో మీట ఆర్పుట చాలదు. ప్లగ్గును, ఇంటర్నెట్టు తీగను గూడ ఊడదీయవలెను.

వెలిగిన పది నిమిషములకు ఆరిపోవునది సాధారణముగా వేడిమివలన. వేరుసెనగ పొట్టు, గడ్డిధూళి ఫ్యానును, దాని క్రిందనున్న లోహపు రెక్కలను కప్పివేయును. యంత్రము ఆర్పి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దులుపవలెను. తడిగుడ్డ పనికిరాదు.

తేదీ మాటిమాటికి వెనుకకు పోవుచున్నచో బోర్డుపై నున్న రూపాయబిళ్లవంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయినదని యెఱుగుడు. దాని పేరు సీఆర్ 2032. మా యింటి యంత్రము ఇట్లే పాత సంవత్సరము చూపగా, బ్యాంకు పుట తెరువక నిరాకరించెను. తేదీ తప్పినచో భద్రతాపత్రము చెల్లదని తెలియక, నేను రెండు దినములు ఇంటర్నెట్టు తీగనే తిట్టుచుంటిని!

ఇక హార్డ్ డిస్కు. దీనినిగూర్చి చెప్పుటకు నాకు మనసున బాధ గలదు. లోపల చక్రము తిరుగు పాతరకపు డిస్కునుండి టిక్కు టిక్కుమను చప్పుడు వచ్చినచో, వెంటనే ఆర్పివేయవలెను. నేనట్లు చేయక, ఈసారి తెరచుకొనునేమో యని దినమునకు పదిమార్లు వెలిగించితిని. తుదకు మరమ్మతు చేయువానికీయగా, అతడు నన్నడుగకయే దానిని చెరిపివేసి మరల సిద్ధపరచెను. మూడేండ్ల ప్రదర్శన క్షేత్రముల దిగుబడి పట్టికలు పోయినవి. వానికి వేరొక ప్రతి లేదు. మదనపల్లె చుట్టునున్న రైతులు తమ కోతదినముల లెక్కలు నమ్మి నాకిచ్చిరి. వారి ముఖము చూచుటకు నాకు చాలకాలము సిగ్గయ్యెను.

అందువలన పుంగనూరు రైతు ఇంట తెర వెలిగినంతనే, వారు కాఫీ తెచ్చుచుండగా వలదని, ముందు పెన్‌డ్రైవు తెమ్మంటిని. ఆ బాలికయే కూర్చుండి నాలుగేండ్ల లెక్కలును దానిలోనికి ఎక్కించెను. కాఫీ చల్లారిపోయెను.