మందుల కర్మాగారంలో కంప్యూటర్ రికార్డు – దానిని నమ్మేదెలా?

జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్ర వేసుకుంటాం. పట్టీ మీద 500 మిల్లీగ్రాములని ఉంటుంది. లోపల నిజంగా అంత మందు ఉందో లేదో ఇంట్లో తేల్చుకోలేం. కర్మాగారంలో పరీక్షించినవారి మాటనే నమ్ముతాం. ఆ మాటకు ఆధారం ఒక రికార్డు. ఇప్పుడు ఆ రికార్డు ఎక్కువగా కంప్యూటర్‌లోనే తయారవుతోంది. దానిని నమ్మదగినదిగా ఉంచే నిబంధనల గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

పరీక్ష ఎలా జరుగుతుంది?

ఒక బ్యాచ్ నుంచి కొన్ని మాత్రలు తీసి, పొడిచేసి, తూచి, ద్రావణంలో కరిగిస్తారు. దానిని హెచ్‌పీఎల్‌సీ అనే పరికరంలోకి పంపుతారు. అందులో పదార్థాలు ఒకదాని నుంచి ఒకటి వేరుపడి, తెరపై శిఖరాల రూపంలో కనిపిస్తాయి. శిఖరం వైశాల్యాన్ని బట్టి మందు ఎంత ఉందో కంప్యూటర్ లెక్కకడుతుంది.

అనుమతించిన పరిమితి 95 నుంచి 105 శాతం అనుకుందాం. 100 మిల్లీగ్రాముల పొడి తూచారు, ఫలితం 93.8 శాతం వచ్చింది. అంటే కారణం ఏమిటో పరిశోధించాలి. అది తేలేవరకు ఆ బ్యాచ్‌ను బయటకు పంపకూడదు. కానీ ఎవరైనా తూకాన్ని 98 మిల్లీగ్రాములని మార్చి నమోదు చేస్తే? అదే శిఖరానికి ఫలితం 95.7 శాతం అవుతుంది. మాత్రలో మందు రవ్వంత కూడా పెరగలేదు. కాగితం మీద మాత్రం బ్యాచ్ నెగ్గింది.

ఏబుల్ లేబొరేటరీస్ ఉదంతం

ఇలాంటిది నిజంగానే జరిగింది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఏబుల్ లేబొరేటరీస్ అనే జెనెరిక్ మందుల సంస్థ ఉండేది. 2005లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీదారులు అక్కడి కాగితాలను కంప్యూటర్‌లోని అసలు రికార్డులతో పోల్చి చూశారు. రెండూ వేర్వేరు కథలు చెప్పాయి. విఫలమైన ఫలితాల స్థానంలో నెగ్గిన ఫలితాలు చేరాయి, తూకాలు మారాయి. సంస్థ తన మందులన్నింటినీ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, అదే ఏడాది దివాలా తీసింది. 2007లో కొందరు మాజీ ఉద్యోగులు కోర్టులో నేరం అంగీకరించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మార్పుల చరిత్రను కంప్యూటర్ భద్రంగానే దాచింది. సంస్థలోని నాణ్యతా విభాగం దానిని తెరిచి చూడలేదు.

నిబంధనలు ఏం చెబుతాయి?

అమెరికాలో 1997 నుంచి '21 సీఎఫ్ఆర్ పార్ట్ 11' అనే నిబంధన అమలులో ఉంది. ఐరోపాలో 'అనెక్స్ 11' ఉంది. మన దేశంలో 2023 డిసెంబరులో ప్రకటించిన సవరించిన షెడ్యూల్ ఎం కూడా కంప్యూటర్ వ్యవస్థల గురించి చెబుతుంది. హైదరాబాద్ పరిసరాల్లోని ఎన్నో కర్మాగారాలు అమెరికాకు మందులు ఎగుమతి చేస్తాయి. కనుక ఎఫ్‌డీఏ తనిఖీదారులు అక్కడికీ వస్తారు. వీటిలోని ముఖ్యాంశాలు ఇవి:

1. ఎవరి పాస్‌వర్డ్ వారిదే. నలుగురూ ఒకే పేరుతో లోపలికి వెళితే, పని ఎవరు చేశారో చెప్పలేం. రికార్డులను తొలగించే అధికారం పరీక్ష చేసేవారి చేతిలో ఉండకూడదు.

2. ఆడిట్ ట్రెయిల్ ఉండాలి. కాగితం మీద తప్పు దిద్దేటప్పుడు పాత అంకె కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేస్తాం. కంప్యూటర్‌లో ఆ పని చేసేది ఆడిట్ ట్రెయిల్. ఎవరు, ఎప్పుడు, దేనిని ఏమని మార్చారో అది తనంతట తానే నమోదు చేస్తుంది. ఎందుకు మార్చారో కూడా రాయాలి.

3. గడియారాన్ని ఎవరూ మార్చలేకుండా తాళం వేయాలి. సమయం మారితే రికార్డుల వరుసే మారిపోతుంది.

4. అసలు రికార్డుకు నకలు వేరేచోట ఉండాలి. దానిని తిరిగి తెరవగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

వాలిడేషన్ అంటే?

వ్యవస్థ చేయవలసిన పనిని సరిగా చేస్తోందని ఆధారాలతో నిరూపించడమే వాలిడేషన్. ముందుగా మనకేం కావాలో రాసుకోవాలి. తరువాత వ్యవస్థను సరిగా అమర్చారా, ప్రతి విధీ పనిచేస్తోందా, రోజువారీ వాడకంలో నిలుస్తోందా అని వరుసగా పరీక్షించాలి. కావాలనే తప్పు పాస్‌వర్డ్ ఇవ్వాలి. పరిమితికి కాస్త దిగువన 94.9 ఇచ్చి, తిరస్కరిస్తుందో లేదో చూడాలి. పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో చూడాలి. లెక్కలకు వాడే ఎక్సెల్ పట్టికకూ ఇదే వర్తిస్తుంది. సూత్రాలున్న గళ్లకు తాళం వేయాలి. సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేస్తే, ఆ మార్పు ప్రభావం ఉన్నంతమేర మళ్లీ పరీక్షించాలి.

అయితే ఎంత మంచి వ్యవస్థ అయినా తప్పును నమోదు మాత్రమే చేయగలదు. దానిని చదివి, ప్రశ్నించవలసింది మనిషే. అందుకే బ్యాచ్‌ను విడుదల చేసే ముందు నాణ్యతా విభాగం ఫలితంతో పాటు ఆడిట్ ట్రెయిల్‌ను కూడా చూడాలి. పరీక్షలో ఫలితం తప్పడం ఏ ప్రయోగశాలలోనైనా జరుగుతుంది. దానిని దాచితే నష్టపోయేది ఆ మాత్ర వేసుకునే రోగి.

ఆలోచించండి

1. పై ఉదాహరణలో తూకాన్ని 97 మిల్లీగ్రాములని నమోదు చేస్తే ఫలితం ఎంత వస్తుంది?
2. ముద్రించిన కాగితం ఒక్కటే చూస్తే తనిఖీదారుకు ఏవేం తెలియకుండా పోతాయి?
3. మీ కళాశాల ప్రయోగశాల రికార్డు పుస్తకంలో తప్పును ఎలా దిద్దుతున్నారు? పాత అంకె కనిపిస్తోందా?