వ్యానులో ఇల్లు అమర్చుకోదలచిన వారికి

కిందటి వేసవిలో మా సంఘపు కుటుంబమొకటి పాత పన్నెండు సీట్ల వ్యాను కొన్నది. ఇంటి కుమారుడు డ్రైవరు. తల్లిదండ్రులను, చెల్లెలిని, నానమ్మను తీసుకొని అరకు, హంపి, వీలైతే కన్యాకుమారి దాకా వెళ్లి రావాలనీ, లాడ్జీ ఖర్చు లేకుండా రాత్రుళ్లు అందులోనే పడుకోవాలనీ అతని కోరిక. ఫోనులో వీడియోలు చూసి నోటుబుక్కులో ఒక బొమ్మ గీసుకొని మా ఇంటికి వచ్చాడు. మా నాన్నగారు వడ్రంగి. కాస్తో కూస్తో ఆ పని నాకు తెలుసునని వచ్చాడు గాని, పాస్టరునని కాదు.

బొమ్మలో లేనిది లేదు. మంచాలు, గ్యాసు పొయ్యి, సింకు, ఫ్రిజ్, కప్పు మీద నీళ్ల ట్యాంకు, ఏ.సి., దానికోసం వెనుక భాగాన జనరేటరు. "అయ్యగారూ, ప్లైవుడ్డు రేపే తెచ్చేస్తాను, ఎంత మందం తెమ్మంటారు?" అన్నాడు. "ప్లైవుడ్డు తరువాత. ముందు సుద్దముక్క తీసుకురా" అన్నాను.

వ్యాను లోపలి కొలతలు తీసి వాళ్ల వాకిట్లోనే గీశాము. ఇక్కడ చాలామంది పొరబడతారు. వ్యాను గోడలు ఇంటి గోడల వలె నిలువుగా ఉండవు, పైకి పోనుపోను లోపలికి వంగుతాయి. వెనుక చక్రాల మీద నేల ఉబ్బి ఉంటుంది. గనుక నేల దగ్గర ఒకసారి, కూర్చున్న మనిషి భుజం ఎత్తున ఒకసారి వెడల్పు కొలవాలి. గీతల లోపల మంచాల స్థానంలో అట్టపెట్టెలు పేర్చి, ఇంటివారందరినీ వచ్చి పడుకోమన్నాము. ఇరుగుపొరుగు వారికి మంచి వినోదమైంది.

నానమ్మకు బొమ్మలో అన్నిటికంటె వెనుక, మెత్తని పడక పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు. అయితే రాత్రి లేవాలంటే ఆమె ముగ్గురిని దాటి తలుపు దగ్గరకు రావాలి. పైగా ఆ పడక ఎత్తు పన్నెండు అంగుళాలే. అంత కింది నుంచి ఆమె మోకాళ్లు లేవనివ్వవు. పద్దెనిమిది అంగుళాలైతే లేచింది. పరుపు మందం నాలుగు అంగుళాలు గనుక చెక్క పద్నాలుగు అంగుళాల దగ్గర ఆగాలి. ఆమె పడక తలుపు పక్కకు వచ్చింది, సింకు బొమ్మలో నుంచి పోయింది. ఒక్క మేకు కొట్టకముందే సగం ప్లాను మారిపోయింది. చెక్క కోసిన తరువాత తెలిసి ఉంటే ఎంత నష్టం!

ఆ తరువాత బరువు. బండి ఆర్.సి.లో ఖాళీ బరువు, మొత్తం మోయదగిన బరువు అని రెండు అంకెలుంటాయి. వాటి మధ్య తేడాలోనే మనుషులు, మంచాలు, నీళ్లు, గిన్నెలు అన్నీ ఇమడాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుగల ప్లైవుడ్డు షీటు పద్దెనిమిది మిల్లీమీటర్ల మందమైతే సుమారు 35 కిలోలు, పన్నెండైతే సుమారు 23 కిలోలు తూగుతుంది. ఎనిమిది షీట్లకు ఈ తేడాయే దాదాపు వంద కిలోలు. వంద లీటర్ల నీళ్లు మరో వంద కిలోలు. ఆ నీటిని కప్పు మీద పెడితే మలుపుల్లో బండి ఒరిగిపోతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేవారు ఇది మరువకూడదు. బరువైనది ఏదైనా కింద, ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ, రెండు ప్రక్కలా సమంగా ఉండాలి.

ఏ.సి. విషయంలో అతనికీ నాకూ కొంత వాదన జరిగింది. లెక్క వేసి చూపించాను. ఇరవై వాట్ల చిన్న ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 320 యూనిట్లు కాదు, 320 వాట్ గంటలు. అంటే యూనిట్‌లో మూడో వంతు. నాలుగు చిన్న దీపాలు కలిపినా 400 లోపే. పన్నెండు వోల్టుల వంద ఆంపియర్-అవర్ మామూలు బ్యాటరీలో సగమే వాడినా ఒక రాత్రికి సరిపోతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించాలి సుమా, అది లేని తీగే బండిని కాలుస్తుంది. ఇళ్లలో వాడే ఏ.సి. ఒక్క గంటకే సుమారు వెయ్యి వాట్ గంటలు తాగుతుంది. అందుకే జనరేటరు కావలసివస్తున్నది, ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

2024 డిసెంబరులో కేరళలోని కోళికోడ్ జిల్లా వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన ఒక కారవానులో ఇద్దరు మనుషులు చనిపోయి కనబడ్డారు. ఏ.సి. కోసం జనరేటరు నడిపారు. నిపుణులు అదే బండిలో జనరేటరును మళ్లీ నడిపి పరీక్షించగా, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు బండి అడుగున ఉన్న సందు గుండా లోపలికి వచ్చినట్లు తేలింది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా బలంగా రక్తాన్ని పట్టుకొంటుంది. నిద్రలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. మూసిన బండిలో గ్యాసు పొయ్యి సరిగా మండకపోయినా పుట్టేది ఇదే. ఇక వంటగ్యాసు గాలికంటె బరువైనది, లీకైతే నేల మీద పరచుకొంటుంది. గనుక నేల దగ్గర ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే చిన్న అలారం పెట్టెలు దొరుకుతాయి. ఈ మాట చెప్పినప్పుడు ఆ అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బొమ్మలో జనరేటరు ఉన్నచోట నానమ్మ పడక తల వైపు ఉండేది.

పొయ్యి బయటికి వచ్చింది. వెనుక తలుపు తెరిచి, నేల మీద నిలబడి వండుకొనేటట్టు.

అప్పుడతనికి జర్మనీ సంగతి చెప్పాను. ఫోక్స్‌వాగన్ కంపెనీ 1950లో వ్యాన్ల తయారీ మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అనే బండ్ల కర్మాగారం వాటికోసం ఒక క్యాంపింగు పెట్టె చేసింది. సామాన్ల అర, పడక అందులోనే ఇమిడి ఉండేవి. సెలవు రోజున వ్యానులోకి ఎక్కించడం, పని రోజున దించేయడం. యుద్ధం దెబ్బ తిన్న దేశంలో ఒకే బండితో సరుకులూ మోయాలి, పిల్లలనూ తిప్పాలి. మన పల్లెలకు అతికే ఆలోచన ఇదేనని నా అభిప్రాయం.

చట్టమున్నూ ఇటే మొగ్గుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడం కుదరదు. సీట్లు తీసినా, కప్పు కోసినా ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి, అనుమతి వస్తే ఆర్.సి.లో వ్రాయించుకోవాలి. లేనియెడల ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువారితో పేచీ తప్పదు. బండి కదులుతున్నంతసేపు ఎవరూ పడకల మీద ఉండరాదు. అయిదుగురికీ బెల్టుగల అసలు సీట్లు ఉండవలసిందే. నానమ్మ నడుము నొప్పి అన్నా సరే, ఆపి పడుకోబెట్టాలి గాని నడుస్తున్న బండిలో కాదు.

దరఖాస్తు పెట్టి, వెనుక వరుసలు తీయడానికి అనుమతి తెచ్చుకొన్నాడు. పన్నెండు మిల్లీమీటర్ల చెక్కతో మూడు పెట్టెలు చేశాము, నలుగురు పట్టుకొంటే దిగిపోతాయి. లోపల ఉన్నప్పుడు మాత్రం బ్రేకు వేస్తే జరగకుండా నేలకు గట్టిగా బిగించి ఉంటాయి. పోయిన శనివారం నీళ్లు, గిన్నెలు, పరుపులు సర్దుకొని, అందరూ ఎక్కి కాటా దగ్గరకు వెళ్లారు. మనుషులతో కలిపే తూయాలని నేనే చెప్పాను. కాటా మీద బండి ఆగగానే నానమ్మ కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏమయ్యా, నేను దిగాలా?" అని అడిగిందట. "నీకోసమే తూయిస్తున్నాం, కదలకు" అన్నాడట మనవడు. ఆర్.సి.లో ఉన్న అంకెకు ఇంకా నూట నలభై కిలోలు మిగిలింది.