ఐన్‌స్టీన్ ప్రాణం తీసిన రక్తనాళం ఉబ్బు.. లోపల పారే రక్తమే గోడను ఎలా దెబ్బతీస్తుందంటే?

1955 ఏప్రిల్ 18. అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఆస్పత్రిలో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కన్నుమూశారు. ఆయన ప్రాణం తీసింది గుండెపోటు కాదు, క్యాన్సర్ కాదు. పొట్టలోని ప్రధాన రక్తనాళం ఉబ్బి పగిలిపోయింది. దీన్నే అయోర్టిక్ అన్యూరిజం అంటారు. అంతకు ఏడేళ్ల ముందు, 1948లో డాక్టర్ రుడాల్ఫ్ నిస్సెన్ ఆపరేషన్ చేసి ఆ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టారు. వింతగా ఉన్నా అందులో లాజిక్ ఉంది. ఆ కాగితం వల్ల చుట్టూ మచ్చలాంటి కండ పెరిగి, నాళం గోడ గట్టిపడుతుందని ఆశ. అంటే అసలు సమస్య గోడ బలమే అని డాక్టర్లకు అప్పుడే తెలుసు.

మరి ఆ గోడ ఎందుకు బలహీనపడుతుంది?

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం అయోర్టా. పొట్ట భాగంలో దీని వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. అది 3 దాటితే అన్యూరిజం కిందే లెక్క. సైకిల్ ట్యూబ్ ఒకచోట ఉబ్బితే ఏమవుతుందో తెలుసు కదా. గాలి ఎక్కువ కొట్టకపోయినా అక్కడే రబ్బరు ఇంకా సాగుతుంది. ఇక్కడా అంతే. బీపీ పెరగకపోయినా సరే, నాళం వెడల్పయ్యే కొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుంది.

కానీ రక్తనాళం రబ్బరు కాదు, ప్రాణమున్న కణజాలం. లోపలి పొరలోని కణాలు రక్తం రాపిడిని గుర్తుపడతాయి. రక్తం ఒకే దిశలో సాఫీగా పారితే అవి ఆరోగ్యంగా ఉంటాయి. ఉబ్బిన చోట మాత్రం వేగం తగ్గి రక్తం సుడులు తిరుగుతుంది. కాలువ వెడల్పయిన చోట నీళ్లు నెమ్మదించి పూడిక చేరినట్టే, ఇక్కడ రక్తపు గడ్డ పొరలు పొరలుగా పేరుకుంటుంది. గోడలో వాపు మొదలవుతుంది. గోడకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను, గట్టిదనాన్నిచ్చే కొలాజెన్‌ను ఎంజైములు తినేస్తాయి.

ఇక్కడే అసలు ట్విస్ట్. గడ్డ దిండులా అడ్డుపడి గోడను కాపాడుతుందేమో అనిపిస్తుంది. లాగుడు కొంత తగ్గేది నిజమే. కానీ గడ్డ మందంగా ఉన్న చోట గోడకు ఆక్సిజన్ సరిగా అందదు. అక్కడి గోడ పలచగా, బలహీనంగా ఉంటున్నట్టు పరిశోధనల్లో తేలింది.

రక్త ప్రవాహం పాత్రకు ఇంకో ఆధారమూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కాలు కోల్పోయిన మాజీ సైనికులను జర్మనీ పరిశోధకులు పరీక్షించి 1989లో ఫలితాలు ప్రకటించారు. కాళ్లు రెండూ ఉన్న సైనికుల కంటే వీరిలో పొట్ట అన్యూరిజం చాలా ఎక్కువగా కనిపించింది. కాళ్లవైపు చీలే చోట రక్తం సమానంగా పారకపోవడమే కారణం కావచ్చని వారి అంచనా.

ప్రస్తుతం ఆపరేషన్ నిర్ణయం ఎక్కువగా సైజును బట్టే జరుగుతోంది. మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 సెంటీమీటర్లు గీత. అయితే చిన్నవి కొన్ని పగులుతున్నాయి, పెద్దవి కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉంటున్నాయి. అందుకే సీటీ స్కాన్ ఆధారంగా రక్త ప్రవాహాన్ని, గోడ మీద పడే భారాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. రోజువారీ వైద్యంలో మాత్రం ఇప్పటికీ టేపు కొలతదే పెత్తనం!

చాలామందిలో ఈ ఉబ్బుకు ఏ లక్షణాలూ ఉండవు. కిడ్నీలో రాళ్లకో, ఇంకోదానికో తీసిన స్కాన్‌లో అనుకోకుండా బయటపడుతుంటుంది. 65 దాటిన మగవాళ్లకు, ముఖ్యంగా సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య వచ్చినవాళ్లకు రిస్క్ ఎక్కువ. నొప్పి లేని మామూలు అల్ట్రాసౌండ్ ఒక్కసారి చేయిస్తే చాలు, తెలిసిపోతుంది. అన్యూరిజం ఉందని తేలినవాళ్లు సిగరెట్ మానాలి, బీపీ అదుపులో పెట్టుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ మెడికల్ షాపులో అడిగి వేసుకోకూడదు. ఇవి ప్రమాదం పెంచవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఇక పొట్టలోనో, నడుములోనో ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చి, చెమటలు పట్టి కళ్లు తిరిగితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.